కాలేజీ మాస్టారుకు పాఠం చెప్పడం ఎవరు నేర్పాలి?

అమెరికాలో ప్రభుత్వ బడిలో టీచర్ కావాలంటే లైసెన్స్ ఉండాలి. కమ్యూనిటీ కాలేజీలో చెప్పాలంటే అది అక్కర్లేదు. దక్షిణాది రాష్ట్రాల కాలేజీలకు గుర్తింపునిచ్చే సంస్థ మామూలుగా చూసేది మాస్టర్స్ డిగ్రీ, ఆ సబ్జెక్టులో పీజీ స్థాయిలో 18 క్రెడిట్ గంటలు. మన దగ్గరా దాదాపు అంతే: బడికి బీఎడ్, టెట్ కావాలి, డిగ్రీ కాలేజీకి పీజీ, నెట్ ఉంటే సరి.

ఈ రెండేళ్ల కాలేజీల్లో ఫీజు తక్కువ. పగలు షాపులో పనిచేసి సాయంత్రం చదివేవాళ్లు, వలస కుటుంబాల పిల్లలు, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లు ఎందరో వస్తారు. అక్కడ స్థిరపడ్డ హైదరాబాద్ కుటుంబాలకూ ఇది తెలిసిన దారే. బాగా చెప్పే మాస్టారు అవసరం వీళ్లకే ఎక్కువ. యూనివర్సిటీ పీజీ మాత్రం సబ్జెక్టు నేర్పుతుంది, పరిశోధన నేర్పుతుంది. లెక్కల్లో వెనకబడ్డవాడికి భిన్నాలు మళ్లీ మొదటినుంచి ఎలా చెప్పాలో నేర్పదు.

ఎవరూ ప్రయత్నించలేదని కాదు. కాలేజీ బోధన కోసమే 1967లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ డాక్టర్ ఆఫ్ ఆర్ట్స్ డిగ్రీ పెట్టింది. పీహెచ్‌డీకి ఉన్న పరువు ముందు అది నిలవలేదు.

పైగా టీచర్లలో సగానికి మించి పార్ట్‌టైమే, కోర్సుకింత అని జీతం. సొంత డబ్బుతో శిక్షణ తీసుకోమంటే ఎవరు తీసుకుంటారు? ఆ ఖర్చు కాలేజీ పెట్టుకోవాలి. లేదా పీజీలోనే ఒక సెమిస్టర్, అనుభవమున్న మాస్టారు పక్కన నిలబెట్టి, కమ్యూనిటీ కాలేజీ క్లాసులో పాఠం చెప్పించాలి.