పరీక్షల్లో ఏమీ లేదు, ఒళ్ళంతా నొప్పులు!

"డాక్టరుగారూ! మెడ, భుజాలు, నడుము, తొడలు - నొప్పి లేనిచోటు లేదు. రాత్రంతా పడుకున్నా, పొద్దున్న లేచేసరికి ఎవరో చితకబాదినట్టుంటుంది. పరీక్షలన్నీ బాగానే ఉన్నాయట. ఇంట్లోవాళ్ళు ఇదంతా నటన అంటున్నారు."

ఇలా చెప్పుకునేవారు, ముఖ్యంగా నడివయసు స్త్రీలు, మా ఓ.పి.కి తరచు వస్తూంటారు. సర్వీసులో చేరిన కొత్తలో నేనూ ఇలాంటివారికి "నీకేం లేదమ్మా" అని బి-కాంప్లెక్సు రాసి పంపినవాణ్ణే. ఒకావిడ మాత్రం గుమ్మం దగ్గర ఆగి, "ఏమీ లేకపోతే ఈ నొప్పి ఎవరిదండీ?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబే ఈ వారం మీకు చెబుతాను.

ఇలాంటివారిలో కొందరికి ఉన్నది ఫైబ్రోమయాల్జియా. జబ్బు కొత్తదేం కాదు. ఇలాంటి కండరాల నొప్పులకు 1904లో గవర్స్ అనే ఇంగ్లీషు వైద్యుడు 'ఫైబ్రోసైటిస్' అని పేరు పెట్టాడు. పీచు కణజాలంలో వాపు ఉందని ఆనాటి ఊహ. తీరా చూస్తే వాపు లేదు. అందుకే తర్వాత పేరు మార్చారు.

మరి లోపం ఎక్కడ? నొప్పి కబురును మోసే నరాల్లోనూ, దాన్ని అందుకునే మెదడులోనూ. పెళ్ళిపందిట్లో మైకుసెట్టు శబ్దం బాగా పెంచేస్తే గుసగుస కూడా కేకలా వినిపిస్తుంది కదా! ఇదీ అంతే. మామూలువారికి తెలియని ఒత్తిడి కూడా వీరికి నొప్పిగా తెలుస్తుంది. నొప్పి నిజమే గాని, అది రక్తపరీక్షలో గాని, ఎక్స్‌రేలో గాని కనిపించదు.

ఆందోళనకూ దీనికీ సంబంధమేమిటంటారా? నొప్పివల్ల నిద్ర పట్టదు. నిద్ర లేక మనసు చికాకు పడుతుంది. "ఇది ఏ క్యాన్సరో, పక్షవాతమో" అన్న భయం పట్టుకుంటుంది. భయంతో కండరాలు బిగుసుకుంటాయి, నొప్పి మరింత పెరుగుతుంది. ఇక గానుగెద్దు తిరిగినట్టే! 1975లో టొరాంటో పరిశోధకులు ఆరోగ్యవంతులను కొన్ని రాత్రులు గాఢనిద్ర పోనివ్వకుండా చూస్తే, వారికీ ఒళ్ళునొప్పులు వచ్చాయి. అయితే ఆందోళన ఉందని చెప్పి నొప్పి అబద్ధమనుకోకూడదు.

మూడు నెలలకు మించి ఒంట్లో పలుచోట్ల నొప్పులు, తీరని అలసట, నిద్రపోయినా తెరిపి లేకపోవడం, మతిమరపు - వీటినిబట్టి డాక్టరు జబ్బును గుర్తిస్తారు. థైరాయిడ్, రక్తహీనత, కీళ్ళవాతం వంటివి లేవని తేల్చుకోవడానికే పరీక్షలు.

ఇక చికిత్స. అన్నిటికన్నా మేలైన మందు వ్యాయామం. రోజుకు పది నిమిషాల నడకతో మొదలుపెట్టండి. వారంవారం కాస్త కాస్త పెంచుతూ అరగంటకు తీసుకురండి. మొదట్లో నొప్పి కొంచెం పెరిగినట్టనిపించినా మానేయకండి. తగ్గింది కదా అని ఒక్కరోజే ఇల్లంతా దులిపి, మర్నాడు మంచమెక్కకండి. పని పంచుకుని చేయండి. రోజూ ఒకే వేళకు పడుకుని, ఒకే వేళకు లేవండి. సాయంత్రం కాఫీ మానండి. పడుకునేముందు పదినిమిషాలు నెమ్మదిగా, నిండుగా ఊపిరి పీల్చి వదలండి.

కొందరికి అమిట్రిప్టిలిన్, డ్యులాక్సెటిన్ వంటి మందులు అవసరమవుతాయి. ఇవి దిగులుకు వాడేవేగదా అని కంగారు పడకండి. నొప్పి కబుర్లనూ ఇవి తగ్గిస్తాయి. డాక్టరు చెప్పందే మొదలుపెట్టవద్దు, హఠాత్తుగా మానవద్దు. మానసిక వైద్యుని దగ్గరకు పంపితే పిచ్చి అని ముద్ర వేసినట్టు కాదు. దుకాణంలో అడిగి కొనే నొప్పిబిళ్ళలు ఈ జబ్బుకు పెద్దగా పనిచేయవు. నెలల తరబడి మింగితే కడుపులో పుళ్ళు పడవచ్చు, మూత్రపిండాలు చెడవచ్చు. స్టెరాయిడ్లు అసలే వద్దు.

కీళ్ళు వాచినా, జ్వరం వస్తున్నా, బరువు తగ్గిపోతున్నా, కాలో చెయ్యో పట్టు తప్పినా అది వేరే జబ్బు కావచ్చు. వెంటనే డాక్టరుకు చూపించండి.

ఈ జబ్బు ప్రాణం తీయదు, కాళ్ళూచేతులూ వంకరచేయదు. ఒక్కరోజులో పోదు గాని, ఓపిక పడితే అదుపులో ఉంటుంది. ఇంట్లోవాళ్ళకు ఒక్క మాట: ఆమెను నటన అని దెప్పకండి. సాయంత్రం ఆమెతోపాటు మీరూ నాలుగడుగులు నడవండి. చికిత్సలో సగం అదే.