పసివారి మార్కులు – మన కర్తవ్యము

అండమాను దీవులలో రైలుపట్టా లేదు గాని, తపాలా సోదరులు కలరు. ఉత్తరాంధ్ర తీరము నుండి తరలిపోయిన తెలుగు మత్స్యకార కుటుంబములు జంగ్లీఘాట్‌లో స్థిరపడినవి. అచ్చటి బిడ్డకు ఇంట తెలుగు, వీధిలో హిందీ. కేథలిక్ ప్రాథమిక పాఠశాలలో చేర్చినచో ఇంగ్లీషు.

ఆ పాఠశాలల క్రమశిక్షణను మేము కాదనము. కేథలిక్ బాలలకు మతబోధ, ఇతరులకు నీతిబోధ జరుపుట వాని ఆనవాయితీ. పెద్దల సమ్మతి లేనిదే గుర్తింపు గల బడిలో ఎవరినీ మతబోధకు కూర్చుండబెట్టరాదని రాజ్యాంగపు 28వ అధికరణము చెప్పనే చెప్పినది. మా ఆందోళన మార్కులను గురించి. కూడిక తెలిసిన బిడ్డ ప్రశ్నలోని ఇంగ్లీషు తెలియక సున్న తెచ్చుకొనినచో, ఆ సున్న లెక్కకా, భాషకా?

2009 విద్యాహక్కు చట్టపు 29వ సెక్షను సాధ్యమైనంతవరకు మాతృభాషలో బోధనను, నిరంతర సమగ్ర మూల్యాంకనమును కోరినది. కాని ఆ చట్టము మైనారిటీ విద్యాసంస్థలకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కనుక చట్టము చూపి నిలదీయుటకు వీలులేదు. తల్లిదండ్రులు కూడి వెళ్ళి, మొదటి రెండు తరగతులలోనైనను నోటిప్రశ్నలు బిడ్డకు తెలిసిన భాషలో అడుగుమని కోరవలెను.

మరొక సంగతి. మొదటి ఇద్దరు బిడ్డలకు లభించు విద్యాభత్యము 2024 జనవరి 1 నుండి నెలకు 2,812 రూపాయల 50 పైసలైనది. బిడ్డ తరగతి తప్పినను అది ఆగదు. శాఖా కార్యదర్శులు ఈ విషయమును ప్రతి సభ్యునికి తెలుపవలెను.

భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పింపవలెనని 1956లో చేర్చిన 350-ఎ అధికరణము ఆదేశించుచున్నది. దీవుల పరిపాలనా యంత్రాంగము తెలుగు తరగతులకు తగినంతమంది ఉపాధ్యాయులను నియమింపవలెనని డిమాండు చేయుచున్నాము.