పాటల్ల కనబడే మంచు ఎవరికో చెరువు

ఈసారి పోస్టు జర పెద్దగనే ఉంటది, బువ్వ తిన్నంక తీరుబడిగ చదవండి.

మనకు మంచు అంటే ఏంది? పొద్దుగాల కమ్ముకొని కంది పూత, మామిడి పూత ఖరాబు చేసేది. తెల్లటి మంచుకొండలు మాత్రం సినిమాల్లనే చూసినం. పాట రాంగనే హీరో కోటు వేసుకుంటడు, హీరోయిన్ పల్చటి చీర కట్టుకుంటది. ఆమెకు చలి ఎందుకు పెట్టదో నాకు చిన్నప్పటి నుంచి అనుమానమే. ‘సీతారామం’ వచ్చినప్పుడు ఆ కశ్మీర్ చూసి మా ఇంట్ల అందరం మురిసిపోయినం. సినిమాను తప్పు పట్టుడు నా ఉద్దేశం కాదు.

నా మేనల్లుడు కృష్ణానగర్‌ల ఉంటడు, షూటింగులల్ల లైట్ల పని. 2024 జనవరిల ఒక పాట కోసం గుల్‌మార్గ్ పోయిండు. పోతే మంచే లేదు. “మామా, అంతా ఎండిన గడ్డి. స్లెడ్జి బండ్లు గుంజెటోళ్లు మా దిక్కు చూసుడు, మేం మొగులు దిక్కు చూసుడు” అన్నడు. యూనిట్ వాపసు వచ్చింది. ఖాళీగ కూసున్న దినాలకు వీళ్లకు సగం బత్తానే ముట్టింది. ఫిబ్రవరి మొదట్ల మంచు పడ్డది, కానీ అప్పటికి వీళ్లు ఇంట్ల ఉన్నరు. మళ్ల 2025 ఫిబ్రవరిల మంచు చాలక ఖేలో ఇండియా చలికాలం ఆటలను గుల్‌మార్గ్‌ల వాయిదా వేసి మార్చిల పెట్టిండ్రు.

ఫిలింనగర్ ఆఫీసులల్ల దీన్ని “లొకేషన్ దెబ్బతిన్నది” అంటరట. ఆ మాట నాకు మింగుడు పడలేదు. ఆ కొండల కింద ఉన్న రైతుకు అది లొకేషన్ కాదు, చెరువు. మనం వానకాలం నీళ్లు కట్టకు ఆపి యాసంగిల తూము తీస్తం. వాళ్లకు చలికాలం పడ్డ మంచే కొండ మీద నిల్వ ఉండి, ఎండలు ముదిరినకొద్దీ కరిగి కాలువల్లకు దిగుతది. తూము తీసేది ఎండ, అంతే తేడా. మంచు పడకున్నా, పడ్డది తొందరగ కరిగిపోయినా, పంటకు కావలసిన నాడు నీళ్లుండయి.

లడఖ్ సంగతి చూడండి. అక్కడ వాన దాదాపు పడదు. బార్లీ విత్తాలంటే ఏప్రిల్, మే నెలల్ల నీళ్లు కావాలె. పైన ఉన్న పెద్ద మంచుగడ్డలు, అదే గ్లేసియర్లు, జూన్ దాకా సరిగ కరగవు. చేవాంగ్ నార్ఫెల్ అనే సివిల్ ఇంజనీరు దీనికి ఉపాయం చేసిండు. చలికాలం వృథాగ పోయే నీళ్లను కాలువతోని ఊరి దగ్గరి నీడ కొండకు మళ్లించి, రాళ్ల అడ్డుకట్టలు కట్టి, పొరలు పొరలుగ గడ్డ కట్టించిండు. అది కింద ఉంటది కాబట్టి ముందుగాల కరుగుతది. విత్తనం టైముకు నీళ్లు! 2015ల ఆయనకు పద్మశ్రీ ఇచ్చిండ్రు. తర్వాత సోనమ్ వాంగ్‌చుక్ పైనుంచి పైపు దించి, మోటరు లేకుండనే నీళ్లను చలిగాలిల పైకి చిమ్మించి, గోపురం లెక్క మంచు నిలబెట్టిండు. ఎండ తగిలే జాగ తక్కువ, అందుకే నెమ్మదిగ కరుగుతది.

అక్కడి ఊర్లల్ల నీళ్లు పంచే మనిషిని చుర్‌పోన్ అంటరు. మన నీరటోడు ఉన్నడు కదా, గదే పని. ఇది తెలిసిన్నాడు ఆ ఊరు నాకు చుట్టాల ఊరు లెక్క అనిపించింది.

మంచు కరిగితే నీళ్లు ఎక్కువ వస్తయి కదా అని ఎవరన్న అంటరు. కొన్నేండ్లు వస్తయి, గడ్డ తరిగినంక తగ్గుతయి. ఈలోపల కరిగిన నీళ్లు మట్టి, రాళ్ల గుట్టల ఎనక మడుగులైతున్నయి. వాటికి తూము లేదు, కట్ట చూసే నీరటోడు లేడు. 2023 అక్టోబర్ 4న సిక్కింల దక్షిణ లొనాక్ అనే మడుగు అట్లనే తెగి, తీస్తా నది మీది డ్యామును కొట్టుకపోయింది. చెరువు కట్ట తెగుడు చూసినోళ్లకు ఆ రాత్రి ఎట్లుంటదో చెప్పే పని లేదు. 2024 ఏప్రిల్‌ల ఇస్రో చెప్పిన లెక్క: హిమాలయ నదుల పరీవాహకంల పాతికెకరాలు దాటిన మంచు మడుగులు 2,431 ఉంటే, 1984 నుంచి 676 బాగ పెరిగినయి. అండ్ల 601 రెండింతలు దాటినయి. శాటిలైట్ ఫొటోలతోని ఇట్ల లెక్క తీసే ఇస్రో సెంటరు మన బాలానగర్‌లనే ఉన్నది. ఫిలింనగర్ నుంచి ఆటోల పోవచ్చు. కథలు రాసెటోళ్లు ఒక్కనాడన్న పోయి అడిగిండ్రో లేదో!

మన కృష్ణా, గోదావరి మంచుల పుట్టలేదు, వానతోనే పారుతయి. మనకెందుకు అనొచ్చు. కానీ నీళ్ల కోసం ఎదురు చూసుడు మనకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? నేను అడిగేది ఒక్కటే. అంత ఖర్చు పెట్టి అంత దూరం పోతున్నరు, హీరో ఎనక ఆ పొలాలను, కాలువలను ఒక్క షాట్ల చూపియ్యండి. కథల ఒక రైతును పెట్టండి. లేకుంటే రేపు గ్రాఫిక్స్‌ల మంచు పోస్తరు, పాట ఆగదు. అక్కడి రైతు మాత్రం బార్లీని గ్రాఫిక్స్‌ల పండియ్యలేడు.

ఇంకో మాట, జర కష్టమైనా చెప్త. వాళ్లు చెరువు లేక మంచుతోని కట్టుకుంటున్నరు. మా ఊర్ల చెరువు ఉండి కూడ తూము తలుపు పాడై మూడేండ్లు. శిఖంల సగం ప్లాట్లైంది. నీరటోడు పట్నంల వాచ్‌మన్.

మేనల్లుడు వచ్చే ఎండకాలం షూటింగుకు లేహ్ పోతనన్నడు. నా కోసం శాలువలు గీలువలు తేవద్దు, ఆ చుర్‌పోన్ నీళ్లు ఎట్ల పంచుతడో ఫోన్ల వీడియో తీసుకరా అన్న. తెస్తే ఇండ్లనే పెడత.