నల్లగౌను ఖరీదు ఎంత?

ఢిల్లీలో సుప్రీంకోర్టు ఆవరణలోని పచ్చికపై డాక్టర్ అంబేద్కర్ విగ్రహం ఒకటి ఉన్నది. 2023 నవంబర్ 26న, రాజ్యాంగ దినోత్సవం నాడు, రాష్ట్రపతి ద్రౌపది ముర్ము దానిని ఆవిష్కరించారు. మన ఊళ్లలోని విగ్రహాలలో ఆయన సూటు ధరించి కనిపిస్తారు. ఇక్కడ మాత్రం న్యాయవాది గౌనులో నిలిచి ఉన్నారు. చూడవచ్చినవారి దృష్టి సహజంగా ఆయన చేతిలోని రాజ్యాంగ ప్రతిపై పడుతుంది. నా దృష్టి ప్రతిసారీ ఆ గౌను మీదనే ఆగుతుంది. అది ఎవరి డబ్బుతో వచ్చింది?

సతారా బడిలో ఆ బాలుడు ఇంటినుంచి తెచ్చుకున్న గోనెపట్టాపై విడిగా కూర్చున్నాడు. కుళాయిని తాను ముట్టరాదు. నౌకరు వచ్చి తిప్పితేనే దాహం తీరేది. పసితనంలోనే తల్లి పోయింది. బొంబాయిలో ఒకే గదిలో కుటుంబమంతా సర్దుకొని బతికింది. అటువంటి ఇంటినుంచి వచ్చిన విద్యార్థికి బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్ మొదట నెలకు 25 రూపాయలు, ఆపైన 1913లో అమెరికా చదువుకు నెలకు పదకొండున్నర పౌండ్లు మంజూరు చేశారు. ప్రతిగా పదేళ్లు సంస్థానంలో కొలువు చేయాలని ఒడంబడిక.

ఇంతవరకు అందరికీ తెలిసిన కథే. తరువాతి ఘట్టాన్ని మనం తరచు మరచిపోతాము. 1916లో ఆయన లండన్‌లో న్యాయశాస్త్రానికి గ్రేస్ ఇన్‌లో చేరారు. మరుసటి ఏడాదే వేతనం గడువు తీరింది. చదువు నడుమ ఆపి స్వదేశానికి రావలసి వచ్చింది. బరోడాలో ఉద్యోగం దొరికినా, తల దాచుకొనేందుకు ఇల్లు దొరకలేదు. బొంబాయిలో అధ్యాపకుడుగా కూడబెట్టిన సొమ్ముకు కొల్హాపూర్ సాహు మహారాజు సాయం, మిత్రుడు నావల్ భతేనా ఇచ్చిన అప్పు తోడైతే గాని 1920లో తిరిగి ఓడ ఎక్కలేకపోయారు. 1922లో బారిస్టర్ అయ్యారు. ఆపైన హైకోర్టు సన్నదు రుసుముకు సైతం ఆ మిత్రుడే ఆదుకోవలసి వచ్చిందని జీవితచరిత్రకారులు చెబుతారు.

ప్రతిభ తన దారి తానే వెతుక్కుంటుందని వాదించేవారు ఈ మూడేళ్ల విరామాన్ని గమనించాలి. భతేనా వంటి మిత్రుడు లేని అంబేద్కర్లు ఎందరు నడిదారిలో నిలిచిపోయారో చరిత్ర లెక్క కట్టలేదు. మన కర్నూలు సమీపంలోని పెదపాడులో 1921లో పుట్టి, పుట్టిన కొద్దిరోజులకే తండ్రిని కోల్పోయిన దామోదరం సంజీవయ్య మద్రాసులో లా చదివి, 38 ఏళ్లకే దేశంలో తొలి దళిత ముఖ్యమంత్రి అయ్యారు. అటువంటివారి పేర్లు చెప్పి మనం గర్విస్తాము. వారు వేళ్లపై లెక్కించదగినంత మందే ఎందుకున్నారని అడగము. 1950లో ఏర్పడిన సుప్రీంకోర్టులో తొలి దళిత న్యాయమూర్తి ఎ. వరదరాజన్ ఆసీనులైంది 1980లో. 2025 వరకు ప్రధాన న్యాయమూర్తి పీఠం అందుకున్న దళితులు ఇద్దరే: 2007లో కె.జి. బాలకృష్ణన్, 2025లో బి.ఆర్. గవాయ్.

నేడు మహారాజులు లేరు, ప్రభుత్వాలున్నాయి. షెడ్యూల్డు కులాల పోస్ట్‌మెట్రిక్ వేతన పథకం 1944 నాటిది. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఐదేళ్లకు 59,048 కోట్ల రూపాయల అంచనాతో దానిని పునర్వ్యవస్థీకరించి, 60 శాతం భారం కేంద్రానిదే అన్నది. మంచి నిర్ణయమే. కాని విద్యార్థికి కావలసింది కోట్ల అంకె కాదు, ఫీజు గడువులోగా చేతికందే సొమ్ము. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు మన రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ప్రభుత్వాలు మారినా మారని సమస్య. ఆలస్యంగా వచ్చిన వేతనం వడ్డీ వ్యాపారికి చేరుతుంది గాని పుస్తకాల దుకాణానికి చేరదు.

చదువు ముగిసిన తరువాత మరొక ద్వారం ఉన్నది. న్యాయవాదిగా పేరు నమోదుకు చట్టం నిర్ణయించిన రుసుము 750 రూపాయలు. దళిత, గిరిజన పట్టభద్రులకు 125. కొన్ని రాష్ట్రాల బార్ కౌన్సిళ్లు రకరకాల పద్దుల కింద వేలకు వేలు వసూలు చేస్తూ వచ్చాయి. ఇది చెల్లదని సుప్రీంకోర్టు 2024 జులై 30న తీర్పు చెప్పింది. ఒక శతాబ్దం కిందట సన్నదు వద్ద తటస్థించిన అడ్డంకిని తొలగించడానికి స్వతంత్ర భారతానికి డెబ్బై ఏడేళ్లు పట్టిందన్నమాట!

మన భాషలో దీనిని ‘ఉపకార వేతనం’ అంటున్నాము. ఆ మాటలోనే పొరపాటున్నది. ఉపకారం చేసేవాడు తీరిక చూసుకొని చేయవచ్చు. అప్పు తీర్చేవాడికి గడువు ఉంటుంది. గోనెపట్టాపై కూర్చోబెట్టిన సమాజం ఆ బాలుడికి బాకీ పడ్డది. విద్యార్థి వేతనం ఆ బాకీలో ఒక వాయిదా మాత్రమే. పార్లమెంటు బడ్జెట్ పద్దులపై చర్చించేటప్పుడు మన సభ్యులు ఎంత కేటాయించారని మాత్రమే కాక, ఏ నెలలో విద్యార్థి ఖాతాకు చేరిందని కూడా అడగాలి. ఆ పచ్చికపై ఉన్న విగ్రహానికి పూలమాలకన్న అదే తగిన గౌరవం.