తెర పట్టిన చేతులు

కూచిపూడి భామాకలాపంలో సత్యభామ కంటే ముందు ఆమె జడ వస్తుంది. ఇద్దరు అడ్డంగా పట్టుకున్న తెర మీదుగా జడ ఇవతలికి పడుతుంది. నన్ను ఓడించగలవాళ్లుంటే ఇది కోయవచ్చునని సభకు విసిరిన సవాలు అది. ఆ తర్వాతే ప్రవేశ దరువు. తెర లేకుంటే ఆ సవాలుకు పదునుండదు. తాళ్లూ కప్పీలూ లేని ఆ తెరకు ఇద్దరి చేతులే ఆధారం. జడ మీద నిలిచిన చూపు ఆ చేతుల మీదికి పోదు.

భరతముని చూపు మాత్రం అక్కడిదాకా వెళ్లింది. నాట్యశాస్త్రం పూర్వరంగానికి చెప్పిన అంగాల్లో మొదటి తొమ్మిదీ యవనిక చాటున జరిగేవే. వాద్యాలు అమర్చడం ప్రత్యాహారం. గాయకులు తమ చోట్లలో కూర్చోవడం అవతరణం. వాద్యాలు సవరించుకోవడం ఆశ్రావణ. మనం ‘ఏర్పాట్లు’ అని ఒక్క మాటలో తేల్చేసే పనికి ఆయన ఇన్ని పేర్లు పెట్టి ప్రయోగంలో భాగం చేశాడు.

మన నేల మీద ఆ పనిని సురభివారంత శ్రద్ధగా చేసినవారు అరుదు. వాళ్ల పెద్దలది తోలుబొమ్మలాట. తెర వెనక కూర్చుని బొమ్మలాడించిన కుటుంబాలు 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ఆడి తెర ముందుకొచ్చాయి. వచ్చినా వెనకటి పని మరవలేదు. రంగులద్దిన పరదా ముందు రెండు పాత్రలు మాట్లాడుకుంటుండగానే వెనక అడవి పోయి దర్బారు వెలుస్తుంది. మాయాబజార్ మాయలన్నీ పుట్టేది ఆ వెనకనే. వేషం కట్టేవారూ, దీపాలు చూసేవారూ, తాడు లాగేవారూ అక్కడ ఒకే ఇంటివాళ్లు. తన ఘట్టం అయిపోయిన నటుడు కిరీటం పక్కన పెట్టి తాడందుకోవడం వాళ్లకు చిన్నతనం కాదు.

ఇప్పుడు చాలా వేదికల మీద తెర పని దీపాలే చేస్తున్నాయి. వెలుతురు ఆర్పి, ఆ చీకట్లో కుర్చీలూ బల్లలూ మారుస్తారు. అందులోనూ గొప్ప నేర్పుంది. గుడ్డిచీకట్లో, చప్పుడు కాకుండా, నేల మీద గీసిన సుద్దముక్క గుర్తుకే కుర్చీ చేర్చడం ఎన్నో రిహార్సళ్ల ఫలం. ఈ మధ్య మాకందిన ఒక నాటక పోటీల కరపత్రంలో ముఖ్య అతిథులకూ జ్యోతి వెలిగించేవారికీ రెండు పేజీలు పట్టాయి. రంగాలంకరణ ఎదురుగా ఉన్నది ‘సమాజ సభ్యులు’ అన్న రెండు మాటలే. చదివి బాధపడ్డాం. మా పత్రిక సమీక్షలు తిరగేస్తే అక్కడా ఆ పేర్లు లేవు.

వచ్చే సంచిక నుంచి మా నాటక సమీక్షలన్నిటా ఆహార్యం, కాంతి, సంగీతం, రంగాలంకరణ చూసినవారి పేర్లు నటుల పేర్లతోపాటే అచ్చవుతాయి. మమ్మల్ని ప్రదర్శనకు పిలిచే సమాజాలవారు ఆ జాబితా కూడా పంపండి. తెర తాడు పట్టినవారి పేరు ఇంటిపేరుతో సహా రాయండి.