ఆదివారం లేనివాళ్ల భక్తి

ఖరగ్‌పూర్ తెలుగు సంఘాల్లో పెద్దలు ఏ ఇద్దరు కలిసినా ఇప్పుడు ఒకటే మాట. పిల్లలకు తెలుగు చదవడం రాదు, బైబిలు పట్టుకోరు, ఇంక వీళ్లకు భక్తి ఎలా అబ్బుతుంది? రెండు వేరు వేరు దిగుళ్లను ఒకటిగా కలిపేశాం. తెలుగు పోతోందన్న బెంగ నాకూ ఉంది. కానీ దేవుడి ముందు ఒంటరిగా కూర్చోవడం రాకపోవడం ఇంకో సంగతి. తెలుగు గడగడా చదివే మా తరానికి కూడా అది సరిగ్గా రాదు.

నేను గూడ్స్ గార్డుగా రిటైరయ్యాను. ఇప్పుడు ఆ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు, పని మాత్రం అదే. రన్నింగ్ స్టాఫ్‌కు ఆదివారమంటూ ఉండదు. అందరూ ఆరాధనకు బయల్దేరే వేళకు నేను నిమ్‌పురా యార్డులో బండెక్కేవాణ్ణి. ముందు 58 వ్యాగన్లు, చివర బ్రేక్‌వ్యాన్, అందులో నేనొక్కణ్ణే. అప్పట్లో దానికి లైటు లేదు, ఫ్యాను లేదు. టాటా వైపు వెళ్తూ గిధ్నిలోనో చాకులియాలోనో లూపు లైన్లో పడేస్తే బయల్దేరే సిగ్నల్ ఎప్పుడిస్తారో ఎవరికీ తెలియదు. టార్చి ఉన్నా బ్యాటరీ డ్యూటీకి దాచుకోవాలి. ఆ చీకట్లో మనకు మిగిలేది కంఠతా వచ్చినదే.

మా అమ్మకు అక్షరం ముక్క రాదు. వర్క్‌షాపులో ఖలాసీగా చేరిన నాన్న వెంట శ్రీకాకుళం పల్లె నుంచి వచ్చింది. ఓల్డ్ సెటిల్‌మెంట్ క్వార్టరులో బొగ్గుల పొయ్యి రాజేస్తూ చరణం వదలకుండా పాడేది. 23వ కీర్తన, 121వ కీర్తన మాకు ఆమె నోట వినే వచ్చాయి. బ్రేక్‌వ్యాన్‌లో మొదట్లో నిద్ర ఆపుకోవడానికే పాడుకునేవాణ్ణి. పోనుపోను ఒక్కో చరణం దగ్గర నోరు ఆగిపోయేది. ఈ మాట నేను మనసారా అంటున్నానా? అన్నదమ్ముల పొలం తగాదా, పై అధికారి మీద కసి, అన్నీ అక్కడే బయటపడేవి. కూడికలో సాక్ష్యం చెప్పేటప్పుడు ఇలాంటివి ఎవరం చెప్పం కదా.

17వ శతాబ్దంలో పారిస్ మఠంలో వంటపని చేసిన బ్రదర్ లారెన్స్, గిన్నెల చప్పుడు మధ్యే దేవుడి సన్నిధిలో ఉండడం సాధన చేశాడట. చదివినప్పుడు నాకేమీ వింతనిపించలేదు. మా అమ్మ చేసిందీ అదే. ఆమె మాటలు ఎవరూ పుస్తకంగా వేయలేదు, అంతే తేడా.

ఇప్పుడో? డిసెంబరు 31 రాత్రి వాగ్దాన కార్డు తీసుకుని, ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టడంతో సరి. పొద్దున లేస్తే వాక్యాలు ఫార్వర్డ్ చేస్తాం. చదివేవాళ్లకంటే పంపేవాళ్లే ఎక్కువని నా అనుమానం. సంఘం చూసేది హాజరు, కానుక. నైట్ డ్యూటీ చేసొచ్చి ఆదివారం పడుకున్న కుర్రాణ్ణి పట్టుకుని భక్తి తగ్గిందంటారు. వాడు ఇంట్లో మోకరిస్తున్నాడా, ఏమని ప్రార్థిస్తున్నాడు అని పక్కన కూర్చుని అడిగినవాళ్లు లేరు.

ఇక భాష. నా మనవరాలు ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, ప్రార్థన మాత్రం బెంగాలీలో చేసుకుంటుంది. బళ్లో నవ్వేదీ పోట్లాడేదీ ఆ భాషలోనే. దేవుడితో కూడా అందులోనే పోట్లాడనివ్వండి అంటే పెద్దలు నొచ్చుకుంటారు. వాళ్లకు పురుషోత్తమ చౌదరిగారిని గుర్తు చేస్తుంటాను. మనం పాడుకునే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో ఎన్నో ఆయనవే. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో, బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. 1833లో కటక్‌లో బాప్తిస్మం తీసుకున్నారు. తాతముత్తాతల భాష పట్టుకుని కూర్చోకుండా, చుట్టూ ఉన్నవాళ్ల భాషలో దేవుణ్ణి పాడారు. దానికి మనం పొంగిపోతాం. మరి మా పిల్ల బెంగాలీలో ప్రార్థిస్తే తప్పెలా అవుతుంది? అంతెందుకు, విశాఖపట్నంలో తెలుగు చేసిన సువార్తలు 1812లో అచ్చయింది ఈ బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లోనే.

తెలుగు వదిలేయమనడం లేదు. లిపి రాకపోతే చెవి ఉంది. సండే స్కూల్లో నెలకొక కీర్తన, అన్ని చరణాలూ, పుస్తకం లేకుండా నేర్పండి. తెర మీద అక్షరాలు వేయొద్దు. కరెంటు పోతే పాట ఆగిపోయే సంఘాలు నేను చూశాను. ఆరాధనలో ఓ పావుగంట మైకు కట్టేసి, ఎవరి భాషలో వాళ్లను లోలోపల ప్రార్థించుకోనివ్వండి. మొదటి వారాల్లో దగ్గులు వినిపిస్తాయి, కొందరు ఫోన్లు తీస్తారు, పర్వాలేదు. అంత సమయం ఎక్కడిదంటారు పెద్దలు. మా దగ్గర ప్రకటనలు చదవడానికే అంతకంటే ఎక్కువ పడుతోంది, అందులోంచి కోసుకోవచ్చు.