తాళపుచెవి యెవరియొద్ద నున్నది?

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో స్థాపితమై, బెజవాడ విడిచి 1930లో వాల్తేరు చేరినప్పుడు, ఆ గట్టు ఊరికి దూరముగా సముద్రపుగాలికి నిలిచిన ప్రదేశము. నేడు నగరము దానిని నలుదెసల చుట్టుకొన్నది. హైదరాబాదునందలి ఉస్మానియా సంగతియు నిట్టిదే. మన గొప్ప విద్యాలయములన్నియు పట్టణపు నడిబొడ్డునకు వచ్చి చేరినవి. అవి కదలలేదు, పట్టణములే కదలి వచ్చినవి. ఇట్టి ప్రాంగణములలో వేలకొలది యువతీయువకులు తల్లిదండ్రులకు దూరముగా నివసించుచున్నారు. ఏదేని దుర్ఘటన జరిగినప్పుడెల్ల అధికారుల నోట వెడలు మాటలు మూడే: గోడ యెత్తు పెంచుడు, కెమెరాలు బిగింపుడు, బాలికల వసతిగృహమునకు పెందలకడ తాళము వేయుడు. మొదటి రెండింటివలన కొంత ప్రయోజన ముండిన నుండవచ్చును. మూడవది రక్షణ కాదు; శిక్ష. అదియు నేరము చేయనివారికి విధించు శిక్ష.

రక్షణ యనగా నేమో ఈ నగరమున కెవరును క్రొత్తగా నేర్పనక్కరలేదు. 1942 ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపై బాంబులు కురిపించినవి. ఆ యుద్ధకాలమున పరిషత్తు గుంటూరునకు తరలి పాఠములు సాగించినది. 1997 సెప్టెంబరులో చమురుశుద్ధి కర్మాగారమున అగ్నిప్రమాదము పదులకొలది ప్రాణములను బలిగొన్నది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరము దాటినది. ఆ తరువాతి దినములలో గొడ్డలి పట్టి చెట్లు తొలగించిన స్వచ్ఛందసేవకులలో నేనును ఒకడను. విద్యుత్తు లేదు, టెలిఫోను లేదు, కుళాయిలో నీరు లేదు. ఒక వసతిగృహమున లోపల నెంతమంది యున్నారని అడిగితిమి. పట్టిక కంప్యూటరులో నున్నదనిరి. తల్లిదండ్రుల నంబరు లెక్కడనగా అవియు నందే యున్నవనిరి. కాగితముపై వ్రాసిన పట్టిక యొకటి గోడకు వ్రేలాడియుండినచో, ఇంటియొద్ద నెందరు తల్లులు మూడుదినములు అన్నము మానియుండెడివారు కారో!

2020 మే 7వ తేదీ తెల్లవారుజామున వెంకటాపురమున పాలిమర్సు కర్మాగారమునుండి స్టైరీను వాయువు వెలువడి పండ్రెండుగురు మరణించిరి. వారిలో వైద్యవిద్యార్థి యొకడు. సమయమునకు హెచ్చరిక సైరను మ్రోగలేదని ప్రభుత్వము నియమించిన ఉన్నతాధికార సంఘమే తేల్చినది. ఈ స్టైరీను వాయువు గాలికన్న బరువైనది. నేలను పట్టుకొని ప్రాకును. అట్టిదాని నుండి తప్పించుకొనవలసినవాడు మేడ పైయంతస్తునకు ఎక్కవలెను. బయటనున్నచో గాలి వీచు దారిన పరుగిడక, దాని కడ్డముగా పోవలెను. రసాయనశాస్త్రమున పట్టము లిచ్చు విద్యాలయములు ఈ రెండు వాక్యములను ప్రవేశదినముననే విద్యార్థి చెవిని వేయుట కేమి యడ్డము?

ఇక తాళము సంగతి. 2019 మే 24న సూరతునందలి శిక్షణాలయమున నిప్పంటుకొనగా ఇరువదియిద్దరు పిల్లలు మరణించిరి. దిగుదారి లేక పలువురు కిటికీలనుండి దుమికిరి. 2024 జూలై 27న ఢిల్లీలో నేలమాళిగలోని గ్రంథాలయమునకు వాననీరు పొంగి ముగ్గురు విద్యార్థులు మృతిచెందిరి. ఈ రెండు చోట్లను ప్రాణములు తీసినది నిప్పును నీరును మాత్రమే కాదు. బయటికి దారి లేకపోవుటయు. మరి రాత్రి యెనిమిదింటికో తొమ్మిదింటికో ఇనుపగేటునకు తాళము బిగించి, కాపలావాడు చెవిని మొలకు కట్టుకొని టీ త్రాగబోవు వసతిగృహమున అర్ధరాత్రి వంటగదిలో గ్యాసు అంటుకొన్నచో ఏమగును? పాఠక మహాశయులు తమ పిల్లలున్న వసతిగృహమునకు పోయినప్పుడు భోజనమెట్లున్నదని అడుగుటకు ముందు, రాత్రి రెండు గంటలకు తాళపుచెవి యెవరియొద్ద నుండునని అడుగవలెనని నా మనవి. ఉత్తరము వెంటనే రాకున్నచో ఆ గృహము సురక్షితము కాదు.

తల్లిదండ్రులే తాళము కోరుచున్నారని అధికారులు వాదింతురు. నిజమే, కోరుచున్నారు. పల్లెనుండి బిడ్డను పట్టణమునకు పంపిన తండ్రి భయమును నేను తేలికగా చూడను. కాని ఆ తండ్రి కోరునది బిడ్డ క్షేమము. తాళము అధికారులు చూపిన సులువు. గ్రంథాలయమునుండి వసతిగృహమువరకు దారిదీపములు వెలుగునట్లు చూచి, రాత్రి పదింటికొక బస్సు నడిపినచో ఆ తండ్రికిని తృప్తియే. బాలుడు పదునొకటింటివరకు చదువుకొనవచ్చుననియు, బాలిక మాత్రము దీపము లార్పకముందే లేచిపోవలెననియు నియమించుట విద్యలో సగము కోసి యిచ్చుట. శుల్కము మాత్రము పూర్తిగా వసూలగుచున్నది!

వృత్తిరీత్యా నాకెదురగు సంగతి మరియొకటి చెప్పవలెను. కొన్ని యేండ్ల క్రిందట ర్యాగింగునకు గురియైన బాలుని వెంటబెట్టుకొని యొక తల్లి నాయొద్దకు వచ్చినది. చేతిలో నొక కాగితము. చదివి చూడగా రాజీపత్రము. బాలునిచేతనే, తనకే బాధయు లేదని కళాశాలలో వ్రాయించినారు. "బాబూ, సంతకము పెట్టకపోతే వీడి సంవత్సరము పోతుందన్నారు" అని ఆమె కన్నీరు పెట్టినది. ఆమె యెరుగని చట్టము కళాశాల యెరుగదా? మన రాష్ట్రమున ర్యాగింగు నిషేధచట్టము 1997లోనే పుట్టినది. వెక్కిరించి యవమానించుటకే ఆరునెలల జైలు కలదు. మరణమునకు దారితీసినచో పదియేండ్లు. ఫిర్యాదు వచ్చినపుడు విచారింపక యుపేక్షించిన ప్రధానాధికారి ఆ నేరమునకు ప్రోత్సాహకుడుగా నెంచబడును. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2009లో చేసిన నిబంధనలు, నేరమని తోచినచో ఇరువదినాలుగు గంటలలో పోలీసులకు తెలుపవలెనని శాసించినవి. చట్టమునకు కొదవ లేదు. దానిని మడిచి సొరుగులో పెట్టు చేతులకును కొదవ లేదు. సంస్థ పేరు చెడునని బాలుని నోరు నొక్కువారు, తాము కాపాడుచున్నది పేరుపలకను మాత్రమేయని గ్రహింపకున్నారు.

స్త్రీల విషయమునను ఇట్లే యున్నది. 1997 నాటి సుప్రీంకోర్టు తీర్పునకు విశాఖ తీర్పని పేరు. మన నగరమునకు దానితో సంబంధము లేదు, అది రాజస్థానమునందలి యొక స్త్రీసంఘపు పేరు. ఐనను ఆ పేరు వినినప్పుడెల్ల మనకు కొంత సిగ్గు కలుగుట మేలే. దాని ననుసరించి 2013లో చట్టమును, ఉన్నతవిద్యాసంస్థలకు 2016లో ప్రత్యేక నిబంధనలును వచ్చినవి. ప్రతిసంస్థలోను స్త్రీ అధ్యక్షత వహించు ఫిర్యాదుల సంఘ ముండవలెను. సంఘటన జరిగిన మూడునెలలలోపల వ్రాతమూలకముగా ఫిర్యాదు చేయవచ్చును. ఎన్ని ప్రకటనఫలకములపై ఆ సభ్యురాండ్ర పేరులు కానవచ్చుచున్నవి? పోలీసుఠాణాకు పోయిన బాలికను "ఇది మా హద్దు కాదు" అని త్రిప్పిపంపుటకును నేడు వీలులేదు. 2024 జూలై 1నుండి అమలులోనున్న నాగరిక సురక్షాసంహిత 173వ విభాగము ప్రకారము ఏ ఠాణాయైనను సమాచారమును నమోదుచేసి, ప్రతిని ఉచితముగా నీయవలెను.

కంటి కగపడని యపాయము మనసులోనిది. విశాఖలో పోటీపరీక్షకు చదువుచు 2023లో మరణించిన యొక బాలిక తండ్రి సుప్రీంకోర్టువరకు పోయి పోరాడినాడు. ఆ వ్యాజ్యముననే 2025 జూలైలో న్యాయస్థానము, నూరుమంది గాని యంతకు మించి గాని విద్యార్థులున్న ప్రతిసంస్థయు అర్హతగల మానసికసలహాదారును నియమింపవలెనని యాదేశించినది. ఒక తండ్రి కడుపుకోత దేశమునకు నియమమైనది. మన సంస్థలే దానిని ముందు పాటింపవలదా?

విద్యార్థులకును ఒకమాట. చెవులలో సంగీతము నింపుకొని చీకటిదారిని ఒంటరిగా నడచుట ధైర్యము కాదు. 112 నంబరును, మనసు క్రుంగినపుడు పలుకు 14416ను కంఠస్థము చేయుడు. ఫోను పోయిననాడు జ్ఞాపకమే ఫోను. ప్రతి యంతస్తున నిద్దరైనను ప్రథమచికిత్స నేర్చినవా రుండవలెను. ప్రక్కగదివాడు రెండుదినములు భోజనమునకు రాకున్నచో తలుపు తట్టుడు. ఇది యే చట్టములోను లేదు.

ప్రవేశదినమున విద్యార్థియు తల్లిదండ్రులును ర్యాగింగు చేయమని ప్రమాణపత్రము వ్రాసి యిచ్చుచున్నారు. విద్యాలయము తిరిగి వారికొక పత్ర మీయవలెనని నేను కోరుచున్నాను. ఫిర్యాదుల సంఘ సభ్యుల పేరులు, సలహాదారు కూర్చుండు గది, అగ్నిప్రమాదపు టభ్యాసము జరుగు తేదీలు, రాత్రిబస్సు వేళలు, గేటు తాళపుచెవి యుండు ఇద్దరి పేరులు దానిలో నుండవలెను. క్రింద ప్రధానాధికారి సంతకముండవలెను. దాని నచ్చొత్తించుటకు ఒక్కదినము చాలును. క్రొత్తసంవత్సరపు తరగతులు తెరచుటకు ముందే అది విద్యార్థుల చేతులలో నుండవచ్చును.